మాత్రకు ముందు పరీక్ష
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జ్వరమొచ్చినా, విరేచనాలైనా చాలామంది మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ ఉంటాయి. ఇవి క్వినొలోన్ మందులు. వీటిలో మొదటిదైన నాలిడిక్సిక్ ఆమ్లం 1962లో వెలుగులోకి వచ్చింది. క్లోరోక్విన్ తయారుచేస్తుండగా దొరికిన ఉపపదార్థమే దానికి మూలం.

ఇవి క్రిమిని ఎలా చంపుతాయి? మన పేగుల్లో ఉండే ఈ-కోలి బాక్టీరియా పొడవు మిల్లీమీటరులో ఐదువందో వంతు. దానిలోని డీఎన్ఏ దారాన్ని సాగదీస్తే మిల్లీమీటరున్నర! మోకు పురి ఒకచోట విప్పితే ముందు భాగం బిగుసుకున్నట్టు, నకలు తీసేటప్పుడు ఈ దారమూ బిగుసుకుంటుంది. అప్పుడు డీఎన్ఏ గైరేజ్ అనే ఎంజైము రెండు పోగులనూ కోసి, దారంలోని మరో భాగాన్ని ఆ సందులోంచి దాటించి, మళ్లీ అతికిస్తుంది. దీన్ని 1976లో మార్టిన్ గెల్లర్ట్ బృందం కనుగొంది. నకలు పూర్తయ్యాక గొలుసు లింకుల్లా చిక్కుకున్న రెండు దారాలను టోపోఐసోమరేజ్-4 విడదీస్తుంది.

క్వినొలోన్ సరిగ్గా కోతకూ అతుకుకూ మధ్య ఈ ఎంజైములను పట్టేస్తుంది. తెగిన దారం తెగినట్టే ఉండి క్రిమి చస్తుంది. మన కణాల్లోని ఎంజైముల నిర్మాణం వేరు కాబట్టి వైద్యుడిచ్చే మోతాదులో మందు వాటిని అలా పట్టుకోదు.

కానీ గైరేజ్‌లో 83వ స్థానంలోని సెరీన్ అనే ఒక్క అమైనో ఆమ్లం మారితే మందు పట్టు సడలుతుంది. టైఫాయిడ్ క్రిమిలో జరిగిందిదే. ఒకప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్‌తో తగ్గిన టైఫాయిడ్‌కు నేడు మన దేశంలో అజిత్రోమైసిన్, లేదా సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు వాడాల్సి వస్తోంది. ఇంజెక్షన్ల కోసం ఆసుపత్రిలో చేరితే కూలి చేసుకునే కుటుంబానికి అప్పే మిగులుతుంది.

మన తీరంలో మరో బాధ్యత కూడా ఉంది. రొయ్యల సాగులో ఫ్లోరోక్వినొలోన్ల వాడకాన్ని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిషేధించింది. వైట్‌స్పాట్ వైరస్ జబ్బు. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. గుంటలో కలిసిన మందు బలహీనమైన బాక్టీరియాను చంపి, మొండివాటిని మిగులుస్తుంది. రొయ్యల్లో అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకూ తిరిగొస్తుంది. మీలో గుంటలున్నవారు దయచేసి ఆలోచించండి.

దాతలకు నా మనవి ఒకటే. పేదలకు మాత్రలు కొనిచ్చే సదఖాలో కొంత రక్తం, మూత్రం కల్చర్ పరీక్షలకు కేటాయించండి. ఏ మందుకు క్రిమి లొంగుతుందో ఆ పరీక్షే చెబుతుంది. పనిచేసే మందు అల్లాహ్ మనకిచ్చిన అమానత్. దాన్ని మన పిల్లలకు పనిచేసే మందుగానే అప్పగిద్దాం.