ఆవిరి ఇంజను నేర్పు పాఠము
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుల ఉపన్యాసము)



నేడు నేను ఆవిరి ఇంజనులను గూర్చి ముచ్చటింపదలచితిని. వైట్‌ఫీల్డ్ నివాసులమగు మనకిది పరాయి విషయము కాదు. మైసూరు మహారాజగు చామరాజేంద్ర ఒడయరు 1882లో ఆంగ్లో ఇండియనుల సంఘమునకు భూమి నొసంగగా ఈ యూరు వెలసెను. బెంగుళూరు, జోలార్‌పేటల నడుమ మద్రాసు రైల్వేవారి మార్గము 1864లోనే యేర్పడినది. అనగా మన యూరికంటె రైలే పెద్దది.

చిత్తరంజన్ కర్మాగారము 1972లో తన కడపటి ఆవిరి ఇంజనును నిర్మించెను. బ్రాడ్‌గేజిపై వాని నిత్యసంచారము 1995లో ముగిసెను. పెక్కు ఇంజనులు తుక్కుగా అమ్ముడుపోయినవి. కొన్ని స్టేషనుల ముంగిట రంగు పూసుకొని నిలిచియున్నవి. చూచుటకవి ముచ్చటగొల్పును. కాని కదలని ఇంజను సగమే మిగిలినట్లు. దానిని నడుపు విద్య తక్కిన సగము.

ఆ సగమును గూడ కాపాడిన స్వచ్ఛంద సేవకులు కలరు. వేల్సు దేశమున టాలిలిన్ అను చిన్న రైల్వే కలదు. 1950లో దాని యజమాని మరణించెను. రోల్ట్ అను రచయితయు, అతని మిత్రులును సంఘముగా కూడి 1951 నుండి తామే బండ్లు నడిపిరి. సేవకులు చేపట్టిన రైల్వేలలో ప్రపంచమున అదియే మొదటిది. మన దేశమున మైకేల్ సాటో అను ఆంగ్లేయుడు, ఒక వ్యాపారసంస్థ అధికారియయ్యు, పటియాలా సంస్థానపు ఒంటిపట్టా రైలింజనును 1962లో పాతసామానుల నడుమ కనుగొనెను. అమృతసర్ కర్మశాలవారు దానికి మరల ప్రాణము పోసిరి. 1855 నాటి ఫెయిరీ క్వీనును 1997లో నడిపించినది మద్రాసులోని పెరంబూరు కర్మశాల.

ఈ పని తేలిక కాదు. బాయిలరు గొట్టములకు పట్టిన త్రుప్పును, పొలుసును గీకవలెను. నీటి ఒత్తిడితో పరీక్షించిన పిదపనే నిప్పు పెట్టవలెను. లోహము సమముగా వ్యాకోచించుటకై మెల్లమెల్లగా వేడి చేయవలెను. త్వరపడినచో అతుకులు కారును. ఈ నేర్పు గ్రంథములలో కొంతయే దొరకును. మిగిలినది ముసలి ఫిట్టరు చేతిలోనుండి పడుచు చేతిలోనికి పోవలెను. ఆ ముసలివాడు గతించిన, విద్యయు గతించును.

భాషయు నిట్టిదే. పరీక్షాపత్రములపై మాత్రమే నిలిచిన తెలుగు, స్టేషను ముంగిటి ఇంజను వంటిది. మన బాలురకు సుత్తి, పట్టకారు, ఆకురాయి, కొలిమి అను మాటలు తెలియునా? ఇంటిలో తాతగారికి తెలియును, అడుగువారు లేరు.

కావున తలిదండ్రులకు నా మనవి యిది. మీ యిండ్లలో రైల్వేలయందును, కర్మాగారములయందును పనిచేసి విశ్రమించిన పెద్దలున్నచో, వారిని శనివారమున పాఠశాలకు పంపుడు. వారు పనిముట్టును చేతబట్టి, దాని పేరును తెలుగున చెప్పుదురుగాక! పిల్లలు పేరును, పనిని ఒక్కసారే నేర్చుకొందురు. ధనము తరువాత నడిగెదము. ముందు మీ పెద్దల కాలమును దయచేయుడు.