పేరు పెట్టిన నాడే దరఖాస్తు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్, గచ్చిబౌలి వైపు మన పిల్లలెందరో ఉద్యోగాల్లో కుదురుకున్నారు. కొందరు సొంతంగా చిన్న కంపెనీలు పెడుతున్నారు. వాటిలో మన గ్రాట్యుటీ సొమ్మూ ఉంటోంది. అందుకే ఈ నాలుగు మాటలు.

కంపెనీ పేరు రిజిస్టరయితే చాలనుకుంటారు. అది వేరు, ట్రేడ్‌మార్కు వేరు. మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా పుట్టిన సత్యం ఇన్ఫోవే, తన పేరులోని అక్షరాలతో 'సిఫీ' అనే మాట కల్పించి 1999లో ఇంటర్నెట్ చిరునామాలు తీసుకుంది. తరువాత మరొకరు 'సిఫ్ఫీనెట్' అంటూ దిగారు. సత్యం ఇన్ఫోవే బెంగుళూరు సివిల్ కోర్టులో గెలిచి, కర్ణాటక హైకోర్టులో ఓడి, 2004లో సుప్రీంకోర్టులో నెగ్గింది. ఆ పేరుకు జనంలో గుర్తింపు ఉందని రుజువు చూపవలసి వచ్చింది. పెద్ద సంస్థ గనుక తట్టుకుంది. నిన్నగాక మొన్న పెట్టిన కంపెనీ ఏం చూపగలదు?

రిజిస్ట్రేషన్ ఉంటే ఆ సర్టిఫికెట్టే తొలి సాక్ష్యం. మనకు చెన్నై కార్యాలయం వర్తిస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లో వేయవచ్చు. అలాంటి పేరు ఇదివరకే ఉందేమో ముందు వెదకాలి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు తరగతికి 4,500 రూపాయల రుసుము. జర్నల్‌లో ప్రకటించాక అభ్యంతరాలకు నాలుగు నెలల గడువు. రిజిస్ట్రేషన్ పదేళ్ళు చెల్లుతుంది, ఆపైన రెన్యూవల్.

ముఖ్యమైన సంగతి: సర్టిఫికెట్టు ఎప్పుడు వచ్చినా, హక్కు దరఖాస్తు తేదీ నుండే లెక్క. ఇన్‌వర్డు తేదీ విలువ మనకంటే ఎవరికి తెలుసు? ఇంటికి వెళ్ళగానే పిల్లలను అడగండి, దరఖాస్తు వేశారా అని.