చలిజ్వర నివారణ: బడిపిల్లలు, పంచాయతీ
(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మలేరియా మనకు క్రొత్త వ్యాధి కాదు. చలిజ్వరమనియు, మన్యపు జ్వరమనియు మన పెద్దలు దానిని ఎరిగియే యుండిరి. ఆ జ్వరమునకు దోమకు గల సంబంధము ఋజువైనది మన గడ్డమీదనే. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అది జరిగి నూటపాతిక సంవత్సరములు దాటినను, ఆ దోమ ఎచట పుట్టునో మనలో పలువురకు నేటికిని తెలియదు. మురుగు కాలువలో పుట్టునని చాలమంది నమ్మకము. మురుగులో పెరుగు దోమ వేరు; అది బోదకాలును వ్యాపింపజేయును గాని మలేరియాను కాదు. మలేరియాను మోసెడి అనాఫిలిస్ ఆడదోమ చాలవరకు తేటనీటిలో గ్రుడ్లు పెట్టును. చేతిపంపు ప్రక్కన నిలిచిన మడుగు, వాడుక తప్పిన చేదబావి, రోడ్డుకై మట్టి తీసిన గోతులు, పంటకాలువ అంచున గడ్డిచాటు నీరు, పశువుల గిట్టలు దిగిన గుంటలు, మూతలేని నీటి ట్యాంకు, ఇవి దాని పురిటిండ్లు.

ఈ సంగతిని పెద్దలకు కరపత్రముతో చెప్పుటకన్న పిల్లలకు గరిటెతో చూపుట సులభము. ఉపాధ్యాయుడు తెల్లని పింగాణీ గిన్నెలోనికి మడుగు నీరు ముంచి చూపినచో, అందులో కదలు పురుగులను ఏ పిల్లవాడైనను గుర్తించును. అనాఫిలిస్ పురుగు నీటిమీద గడ్డిపరకవలె అడ్డముగా పరుండును. తక్కిన దోమల పురుగులు తల క్రిందుగా ఏటవాలుగా వ్రేలాడును. గ్రుడ్డు దోమగా మారుటకు వేసవి వేడిలో వారము, పదిదినములు చాలును. వారమున కొకమారు నీటిని పారబోసి కుండీని రుద్ది ఆరబెట్టవలెనను నియమమునకు ఇదియే కారణము. మన ఊళ్లలో శుక్రవారము డ్రై డే అని పాటించుట ఇందులకే. ఆరోగ్య కార్యకర్త చెప్పినపుడు అవ్వ తల ఊపి ఊరకుండును. మనుమరాలు గిన్నె పట్టుకొని వచ్చి, "అవ్వా, మన గోలెములోనే ఇవి యున్నవి చూడు" అన్నచో ఆ సాయంకాలమే గోలెము ఖాళీ యగును. ఇంటి గోలెములలో దొరకునది తరచుగా డెంగ్యూ దోమ పురుగే. అదియు పోవుట మనకు మేలే కదా.

పిల్లలు చేయగల పని మరియొకటి గలదు. బడి హాజరుపట్టీ గ్రామమునకు మంచి జ్వరపట్టీ. ఒకే వీధి పిల్లలు ఇద్దరు ముగ్గురు జ్వరముతో రానపుడు ఆ మాట అదేదినము ఆశా కార్యకర్తకు చేరవలెను. రోగి రక్తములోని క్రిమిని దోమ పీల్చుకొన్న పిదప అది ఇతరులకు అంటించుటకు సుమారు రెండు వారములు పట్టును. ఆలస్యము లేక రక్తపరీక్ష జరిగి మందు పడినచో ఆ రోగినుండి మరిన్ని దోమలకు క్రిమి చేరుట తగ్గును. వైవాక్స్ రకపు మలేరియాలో క్రిమి కాలేయమున దాగి తిరిగి లేచును. కావుననే వైద్యులు పదునాలుగు దినముల మాత్రలు ఇచ్చెదరు. మూడవనాటికి జ్వరము తగ్గగానే మాత్రలు మానివేయువారికి మిగిలినవి గుర్తుచేయుటకు ఇంటిలోని బడిపిల్లకన్న తగినవారు లేరు.

అయితే పిల్లలను నూతి గట్టుమీదికి ఎక్కింపరాదు; మందు చల్లు పనిలో దింపరాదు. వారు చూచి చెప్పుటవరకే.

చెప్పిన తరువాత చేయవలసినది మీరు. ఇంటి గోలెమును అవ్వ ఖాళీ చేయును గాని రోడ్డు గోతిని పూడ్చుట, ట్యాంకునకు మూత వేయించుట, పాడుబావిలో గంబూసియా చేపలు వదలించుట ఆమె వలన కాదు. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము పంచాయతీల విషయములుగా చేర్చబడినవి. పిల్లలు మూడుమార్లు జాబితా వ్రాసియిచ్చిన గోయి నాలుగవ మారును అట్లే యుండినచో, పరీక్షకు చదువుకొను పాఠము వేరు, ఊరి నడత వేరు అని వారు నేర్చుకొందురు. దోమకన్న అది నాకు ఎక్కువ భయము గొలుపుచున్నది.

"మా ఊరిలో ఇపుడు మలేరియా లేదు, ఇదంతయు ఏల?" అని కొందరు అడుగుదురు. స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో దేశమున ఏటా సుమారు 7.5 కోట్లమందికి ఈ జ్వరము వచ్చి, 8 లక్షలమంది మరణించుచుండిరని అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమము, 1958లో నిర్మూలన కార్యక్రమము ఆరంభమై, 1965 నాటికి రోగుల సంఖ్య ఇంచుమించు ఒక లక్షకు దిగినది. అంతట శ్రద్ధ సడలినది; దోమలు మందునకు అలవాటుపడినవి. 1976లో రోగులు 64 లక్షలు! నేడు 2030 నాటికి దేశమును మలేరియా రహితముగా చేయవలెనని లక్ష్యము. ఇపుడును వ్యాధి తగ్గియున్న కాలమే.

కావున రాబోవు గ్రామసభలో లెక్కలకు ముందుగా పావుగంట బడిపిల్లలకు ఇప్పింపుడు. వారు గిన్నెలు తెచ్చి చూపుదురు, స్థలముల జాబితా చదువుదురు. ఒక్కొక్క స్థలమునకు ఎదురుగా బాధ్యుడైన సభ్యుని పేరును, తేదీని అచటనే వ్రాయింపుడు. ట్యాంకు మూత సంగతి మాత్రము సభవరకు ఆపక, ఈ వారమే చూడగలరు.