మూడో కారణాన్ని వెతికే శాస్త్రం

మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేసే మనలో ఎక్కువమందికి పని సహసంబంధాలతోనే. పేదరికం పిల్లల చదువును ఎలా దెబ్బతీస్తుందో చూడటానికి ఏ బిడ్డనూ పేదరికంలోకి నెట్టలేం. తల్లిని పోగొట్టుకున్న దుఃఖాన్ని ప్రయోగశాలలో పుట్టించలేం. బతుకులో ఉన్న తేడాలనే కొలిచి, ఒకటి పెరిగితే మరొకటి పెరుగుతోందా, తగ్గుతోందా అని చూస్తాం. అందుకే జ్యోతిషాన్ని నమ్మేవారు అడిగే ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం: "మీరు చూసేదీ పొంతనే, మేం చూసేదీ పొంతనే, మీది శాస్త్రమూ మాది మూఢనమ్మకమూ ఎలా అయ్యాయి?" సహసంబంధం ఉన్నంత మాత్రాన కార్యకారణ సంబంధం ఉన్నట్టు కాదు అనే పాఠ్యపుస్తకపు జవాబు ఇక్కడ చాలదు. అక్కడే ఆగిపోయి ఉంటే సిగరెట్టుకూ ఊపిరితిత్తుల కేన్సర్‌కూ ఉన్న సంబంధం ఇవాళ్టికీ తేలేది కాదు. 1950లో బ్రిటన్‌లో డోల్, హిల్ అనే పరిశోధకులు ఆ సంబంధాన్ని చూపించాక, ఆధునిక గణాంకశాస్త్రానికి పునాదులు వేసిన ఫిషరే అడ్డు చెప్పాడు. పొగతాగే అలవాటుకూ కేన్సర్‌కూ ఒకే జన్యులక్షణం, అంటే ఒక మూడో కారణం, మూలమై ఉండవచ్చు గదా అన్నాడు. న్యాయమైన సందేహమే. దాన్ని తీర్చడానికి మనుషులకు సిగరెట్లు తాగించి చూడలేదు. వేలాది డాక్టర్లను ఏళ్ల తరబడి గమనించారు. ఎక్కువ తాగినకొద్దీ ముప్పు పెరిగింది, మానేసినవారిలో తగ్గింది. ఒక సహసంబంధం మీది అనుమానాన్ని మరింత జాగ్రత్తగా సేకరించిన సహసంబంధాలే తీర్చాయి. తనకు దొరికిన పొంతనను కూల్చగల మూడో కారణాన్ని తానే వెతుక్కుంటూ వెళ్లడం శాస్త్రం లక్షణం. దాని జోలికి పోకుండా ఉండటం కుహనా శాస్త్రం లక్షణం. నా వాదన ఇంతే.

దీనికి నాకు తెలిసిన గొప్ప నిదర్శనం జ్యోతిషం నుంచే వచ్చింది. 1978లో వెలువడిన ఒక అధ్యయనంలో జెఫ్ మేయో అనే జ్యోతిష్కుడు, సహ పరిశోధకుడు వైట్, లండన్ మనస్తత్వశాస్త్రవేత్త హాన్స్ ఐసెంక్ కలిసి 2,324 మందికి వ్యక్తిత్వ ప్రశ్నావళి ఇచ్చారు. మేషం, మిథునం, సింహం వంటి బేసి రాశులవారు బహిర్ముఖులనీ, సరి రాశులవారు అంతర్ముఖులనీ పాశ్చాత్య జ్యోతిషం చెబుతుంది. (మనం చంద్రుణ్ణి బట్టి చెప్పుకునే జన్మరాశి వేరు, ఇది పుట్టినరోజును బట్టి వచ్చే సూర్యరాశి.) ఫలితం అచ్చంగా అలాగే వచ్చింది. తేడా చిన్నదే గానీ గణాంక పరీక్షకు నిలిచింది. జ్యోతిష్కులు సంబరపడ్డారు. ఐసెంక్ మాత్రం ఆ మనుషులు ఎక్కడివారని అడిగాడు. వారిలో ఎక్కువమంది జ్యోతిషం మీద ఆసక్తితో మేయో దగ్గరికి వచ్చినవారు, తమ రాశి తమ గురించి ఏం చెబుతుందో తెలిసినవారు. అప్పుడు పిల్లల్లో, జ్యోతిషం తెలియని పెద్దల్లో వెతికితే ఆ సంబంధం కనిపించలేదు. 1979లో హాంబుర్గ్‌లో పావ్లిక్, బూజె చేసిన అధ్యయనం కూడా ఆ సంబంధాన్ని జ్యోతిషం మీద నమ్మకం ఉన్నవారిలోనే చూసింది. గ్రహాలు మనిషిని మలచలేదు. గ్రహాల గురించి విన్న మాట, తనను తాను చూసుకునే తీరును మలిచింది. నా దృష్టిలో ఇది జ్యోతిషం చెప్పినదానికన్నా ఎంతో ఆసక్తికరమైన నిజం. మొదటి పొంతన దగ్గరే ఆగినవారికి ఇది దక్కదు.

అయితే మన ఇల్లు శుభ్రంగా ఉందా అని ఎవరైనా అడగవచ్చు. ఈ ఐసెంకే ఆ తర్వాత గ్రోసార్త్-మాటిచెక్ అనే పరిశోధకుడితో కలిసి, ఫలానా వ్యక్తిత్వం ఉన్నవారికి కేన్సర్, గుండెజబ్బు విపరీతంగా వస్తాయని వ్యాసాలు రాశాడు. ఆ సహసంబంధాలు నమ్మశక్యం కానంత పెద్దవి. 1990ల తొలినాళ్లలోనే విమర్శకులు హెచ్చరించినా, లండన్ కింగ్స్ కాలేజి విచారణ జరిపి 26 వ్యాసాలు నమ్మదగినవి కావని తేల్చడానికి 2019 దాకా పట్టింది. అంత ఆలస్యం మన రంగానికి మచ్చే, దాన్ని కప్పిపుచ్చకూడదు. కానీ ఆ లోపాలను బయటపెట్టిన పద్ధతులు శాస్త్రం లోపలివే. మనిషి గొప్పవాడైనంత మాత్రాన అతని అంకెలు పరీక్షకు అతీతం కావన్న నియమం ఆలస్యంగానైనా అమలైంది. జ్యోతిషంలో అటువంటి నియమమే లేదు.

మన దేశంలోనూ జ్యోతిషానికి పరీక్ష పెట్టి చూశారు. అంతకుముందు ఆ వివాదం కోర్టుకెక్కింది. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు పెట్టాలన్న యుజిసి నిర్ణయాన్ని హైదరాబాద్‌లోని సిసిఎంబి పరిశోధన సంస్థ స్థాపకుడు పుష్పమిత్ర భార్గవ కోర్టులో సవాలు చేశారు. 2004లో సుప్రీంకోర్టు ఆయన అప్పీలును కొట్టేసింది. జ్యోతిషం శాస్త్రమా కాదా అన్నది నిజంగా తేలవలసింది కోర్టులో కాదు, పరీక్షలో అని నా అభిప్రాయం. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్, ఆయన సహచరులు సుధాకర్ కుంటె, నరేంద్ర దభోల్కర్, ప్రకాశ్ ఘాట్‌పాండే 2008లో మహారాష్ట్రలో ఆ పరీక్ష పెట్టారు. చదువులో మెరికల్లాంటి 100 మంది పిల్లల జాతకాలు, మేధో వైకల్యం ఉన్న 100 మంది పిల్లల జాతకాలు కలిపేసి, జ్యోతిష్కులకు తలా 40 ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. 27 మంది జవాబులు పంపారు. నాణెం ఎగరేసినా సగటున 20 సరిపోతాయి. వారి సగటు 17 చిల్లర. అందరికన్నా ఎక్కువ చెప్పినాయన సాధించింది 24. జనన సమయాలు సరిగ్గా లేవేమో అని వాదించవచ్చు. కానీ తల్లిదండ్రులు చెప్పిన సమయంతోనే రోజూ జాతకాలు వేసి, పెళ్లిళ్లు కుదిర్చేవారికి పరీక్షలో మాత్రం అదే సమయం చెల్లదనడం కుదరదు.

ఇవాళ మన పట్టణాల్లో ఇంతకన్నా తొందరపెట్టే సమస్య డిఎంఐటి. వేలిముద్రలు చూసి పిల్లవాడి తెలివితేటలు చెబుతామంటూ బడుల ద్వారా తల్లిదండ్రులకు అమ్ముతున్నారు. దాని మొదట్లో నిజం లేకపోలేదు. చేతి గీతలు గర్భంలోనే ఏర్పడతాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి అరచేతిలో ఒకే అడ్డగీత మామూలుకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అది నిఖార్సైన సహసంబంధం. అక్కడి నుంచి "మీ అబ్బాయి లెక్కల్లో రాణిస్తాడు" దాకా ఒక్క గంతు వేశారు. "అచ్చం మా వాడి గురించే రాశారు" అని తల్లిదండ్రులు సంతోషపడితే అది రుజువు కాదు. 1948లో మనస్తత్వశాస్త్రవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ తన తరగతిలోని 39 మందికీ జ్యోతిష పుస్తకంలోంచి ఏరిన ఒకే వర్ణన ఇస్తే, తమకు అది ఎంత సరిపోయిందో 5కి సగటున 4.26 మార్కులు వేశారు.

కాబట్టి ఈ సభ ముందు ఒక ప్రతిపాదన ఉంచుతున్నాను. డిఎంఐటి చేయించుకున్న పిల్లల నివేదికల్లో పేర్లు తీసేసి, ప్రతి తల్లికీ రెండు నివేదికలు ఇవ్వాలి. ఒకటి తన బిడ్డది, ఇంకొకటి మరో బిడ్డది. తన బిడ్డది ఏదో ఆమెను గుర్తుపట్టమనాలి. ఎంతమంది సరిగ్గా గుర్తుపడితే విజయంగా లెక్కిస్తామో అమ్మే సంస్థలతో కలిసి ముందే రాసి పెట్టుకోవాలి. దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. మన విశ్వవిద్యాలయాల్లో ఏ ఒక్క మనస్తత్వశాస్త్ర శాఖ పూనుకున్నా ఒక విద్యా సంవత్సరంలో అయిపోతుంది. ఫలితం ఎటు వచ్చినా, ఒక్క అంకె కూడా దాచకుండా, తెలుగులో ప్రకటించాలి.