కొలోన్ ఆలయము: 632 ఏండ్ల లెక్క

 

నేను కన్నులార చూడని కట్టడమును గూర్చి మాటాడ సాహసించుచున్నాను. పల్లె కరణమునకు జర్మనీ గోపురములతో పనియేమని కొందరు నవ్వవచ్చును. కాని 1248లో తెరచిన పద్దు 1880లో గాని ముగియలేదనిన, లెక్కలు వ్రాయువాని మనస్సు అటు పోకుండునా?

రైను నదీతీరమున కొలోన్ నగరము కలదు. శిశువైన యేసును దర్శింప తూర్పునుండి వచ్చిన జ్ఞానులవని నమ్మబడిన అస్థికలను 1164లో మిలాను నుండి అచ్చటికి తెచ్చిరి. యాత్రికులు పెరిగిరి. 1248లో పాత ఆలయము కాలిపోగా, ఆ యేడే కొత్తదానికి శంకుస్థాపన జరిగెను. స్థపతి గెర్హార్డు ఫ్రాన్సు దేశపు గోథిక్ పద్ధతిని గ్రహించెను. మొనదేలిన కమానులు కప్పు బరువును స్తంభములకు దింపును. ప్రక్కకు త్రోయు బలమును వెలుపలి రాతి దన్నులు కమానుల చేతులు చాచి పట్టుకొనును. బరువు తప్పిన గోడలలో రంగుటద్దములు నిలిచినవి. లోపలి కప్పు ఎత్తు 43 మీటర్లు!

1322లో గర్భాలయభాగమునకు ప్రతిష్ఠ జరిగెను. దానికి అడ్డముగా కట్టిన తాత్కాలికపు గోడను 1863లో తీసిరి. తాత్కాలికమను మాటకు ఇంతటి ఆయుర్దాయము నేనెరిగిన ఏ దస్త్రమునను లేదు. 1560 నాటికి ధనము, ఉత్సాహము రెండును సన్నగిల్లి పని నిలిచెను. మనవారు మొండిగోపురమందురే, అట్టిదానిపై రాళ్లెత్తు కొయ్య యంత్రము మూడువందల ఏండ్లు నిలిచియుండెను.

పిమ్మట ఒక చిత్రము జరిగెను. గోపురముఖము యొక్క ప్రాచీన చర్మపటములో ఒక సగము 1814లో డార్మ్‌స్టాట్ నగరమునను, రెండవ సగము 1816లో పారిసునను దొరకెను. 1842లో పౌరులు సంఘముగా ఏర్పడి చందాలు వసూలు చేసిరి. ఆలయము కాథొలిక్కులది, తిరిగి రాయి వేసినవాడు ప్రొటెస్టంటు రాజు. ఇది పూర్తికాదని హైనే కవి 1844లో పరిహసించెను. ధనము చాలక లాటరీ సైతము నడిపిరి. దేవుని పనికి జూదపు సొమ్మా యని నాకు మొదట రోసిపోయినది. జమలో దాచక వ్రాసికొనిరి గదా యని పిదప ఊరకుంటిని. 1880లో 157 మీటర్ల జంటగోపురములు పూర్తియైనవి. నాటికి భూమిపై అంతకంటె ఎత్తైన కట్టడము లేదు.

రెండవ ప్రపంచ యుద్ధమున పదునాలుగు బాంబులు తగిలినను ఆలయము కూలలేదు. చుట్టునున్న నగరము మాత్రము శిథిలమైపోయెను.

పద్దు ముగిసినదని మొదట చెప్పితిని. అది సరికాదు. రాళ్లు వానకు, పొగకు తినివేయబడుచుండ, శిల్పుల కార్ఖానా నేటికిని నడచుచున్నది. 1842 నాటి సంఘము నేటికిని చందాలు వసూలు చేయుచునే యున్నది.