ఎలుక కార్జములోని పురుగు
(పంచాయతీ సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఎలుకలు గాదెలోని ధాన్యమును తినిపోవుట మనమందరము ఎరిగిన నష్టమే. ఎలుక శరీరములో దాగియుండు మరియొక కీడును గూర్చి నేడు మనవి చేసెదను.

ఊరి ఎలుకనైనను, పొలములోని పందికొక్కునైనను కోసి చూచినచో, కొన్నిటి కార్జముపై శనగగింజంత తెల్లని తిత్తులు కనబడును. తిత్తిలో ఒక పురుగు ముడుచుకొని యుండును. అది పిల్లి ప్రేగులో పెరుగు బద్దెపురుగు యొక్క పిల్లదశ. పిల్లి ఆ ఎలుకను తిన్నప్పుడు పురుగు పెద్దదై గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు పిల్లి మలముతో నేలబడి, తిండితోపాటు మరల ఎలుక నోటికి చేరును. ఇది మనుష్యులకు సోకుట మిక్కిలి అరుదు. కాని దీని జ్ఞాతి యొకటి ప్రాణాంతకమైనది. అది చేసిన కీడు జపానులోని ఒక ద్వీపము చరిత్రవలన తెలియగలదు.

హొక్కైడోకు సమీపమున రెబున్ అను చిన్న దీవి కలదు. అచట పొట్టితోక ఎలుకల బెడద తగ్గునని, చర్మములు కూడ లభించునని, 1924-26 సంవత్సరములలో కురిల్ దీవులనుండి నక్కలను తెచ్చి వదలిరి. వాటితోపాటు అర సెంటీమీటరు పొడవైనను లేని ఒక బద్దెపురుగు కూడ దీవికి వచ్చెను. దాని పిల్లలు ఎలుకల కార్జములో పెరిగెను. ఎలుకలను తిన్న నక్కలకు, కుక్కలకు పురుగు పట్టెను. వాటి మలములోని గ్రుడ్లు నీటిద్వారా, కూరలద్వారా, చేతులద్వారా మనుష్యుల కడుపులో ప్రవేశించెను. మనుష్యుని కార్జములో అది కంతివలె నెమ్మదిగా వ్యాపించును. అనేక సంవత్సరములవరకు బాధ తెలియదు. చికిత్స జరుగనిచో ప్రాణము తీయును. 1937లో మొదటి రోగి బయటపడిన తరువాత, నూరుమందికి పైగా దీవివాసులు ఈ వ్యాధికి గురియైరి.

నక్కలను, కుక్కలను తొలగించిన పిమ్మటనే ఆ దీవిలో వ్యాధి అంతరించెను. హొక్కైడో తూర్పు భాగమున మాత్రము 1965లో వేరొక రోగి కనబడెను. నేడు సప్పోరో నగరములో తిరుగు నక్కలలో సైతము ఆ పురుగు కలదు. స్విట్జర్లండులోని జ్యూరిక్ నగరమువారు వేరొక మార్గము అవలంబించిరి. పురుగుమందు కలిపిన ఎరలను నక్కలు తిరుగుచోట్ల వేయగా, వాటి మలములో పురుగు జాడ బాగుగా తగ్గెను. ఎలుకనుండి నక్కకు, నక్కనుండి మనుష్యునికి సాగు ఈ గొలుసును నక్కవద్దనే త్రెంచవచ్చునని దీనివలన తేలుచున్నది.

మన ఆంధ్ర, తెలంగాణ పల్లెలలో చూడవలసినది ఈ పురుగు సోదరజాతిని. అది కుక్క ప్రేగులలో నివసించును. దాని పిల్లదశ గొర్రెల, మేకల కార్జములోను, ఊపిరితిత్తులలోను నీటితిత్తులుగా పెరుగును. అవి కుక్కకు ఆహారమైనచో గొలుసు పూర్తియగును. కుక్క మలమునుండి గ్రుడ్లు సోకిన మనుష్యునికి అట్టి తిత్తులే లేచి, పలువురికి శస్త్రచికిత్స అవసరమగును.

కుక్కలను చంపుట పరిష్కారము కాదు. చట్టమును అందుకు అంగీకరింపదు. పంచాయతీలు చేయదగిన పనులు ఇవి:

మాంసపు అంగళ్లలో తిత్తులున్న కార్జమును, ఊపిరితిత్తులను కుక్కలకు వేయనీయక, లోతుగా పూడ్పించవలెను. గుంటపై బరువైన మూత యుండవలెను.

పశువైద్యుని సలహాపై పెంపుడు కుక్కలకు క్రమముగా ప్రాజిక్వాంటెల్ మందు ఇప్పించవలెను.

చచ్చిన ఎలుకలను వీధిలో పారవేయక పూడ్చవలెను. భోజనమునకు ముందు చేతులు, వండుటకు ముందు ఆకుకూరలు శుభ్రముగా కడుగుట పిల్లలకు సైతము అలవాటు చేయవలెను.

రాబోవు సమావేశమునకు ముందు ఒక ఆదివారమున మీ ఊరి మాంసపు అంగడి వెనుకకు స్వయముగా వెళ్లి చూడుడు. అచట కుక్కలు కాచుకొనియున్నచో, గుంటకు వలసిన ఖర్చును ఆ సమావేశములోనే మంజూరు చేయుడు.