నలభై రెండేళ్ల వాని చేతిలో పిల్లల ఆట

  ఈ పూట సంగతి ఒక డ్రైవరు సోదరుని దగ్గరే మొదలైంది.

మా శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు 2008 మార్చిలో తెరిచారు. అంతవరకు ప్రయాణికుల విమానాలు బేగంపేటలో దిగేవి. ఆ తరువాత మా చుట్టుపక్కల, నాగలి పట్టిన ఇళ్లల్లోనే స్టీరింగు పట్టిన కొడుకులు బయలుదేరారు. క్యాబ్ డ్రైవరు పని సగం నడపడం, సగం కాచుకోవడం. విమానం దిగాలి, ప్రయాణికుడు సామాను తీసుకొని రావాలి, ముందున్న బండ్లు కదలాలి, అప్పుడు గాని వంతు రాదు. రాత్రి రెండు గంటలకు ఆ పార్కింగులో నడిచి చూడండి. సీటు వెనక్కి వాల్చుకున్న ముఖాల మీద ఫోను వెలుగే కనబడుతుంది.

మూడేళ్ల క్రితం అటువంటి సోదరుడొకరు ఆరాధన ముగిశాక అందరూ వెళ్లేదాకా ఆగాడు. వయసు నలభై రెండు. తాగుడు లేదు, పేకాట లేదు. తల వంచుకొని, "అయ్యగారూ, ఒక ముచ్చట చెప్పాలె, నవ్వొద్దు" అన్నాడు. ఏ అప్పో, ఏ గొడవో అనుకున్నాను.

"మా పోరనికి టీవీకి పెట్టే వీడియో గేమ్ కొనిచ్చిన. మారియో ఉంటడు గదా, మీసాలాయన, గెంతుకుంట పోతడు. వానితోని నేను గూడ ఆడుతున్న. వాడు పండుకున్నంక ఒక్కన్నే గూడ ఆడిన. గిది పాపమా అయ్యగారూ?"

నేను క్షణం ఆలోచించలేదు. మొదటి కొరింథీ 13వ అధ్యాయం 11వ వచనం ఎత్తి చూపించాను. పెద్దవాడివయ్యావు, పిల్లతనం విడిచిపెట్టాలని పౌలు నేర్పుతున్నాడు గదా అన్నాను. "సరే అయ్యగారూ" అని వెళ్లిపోయాడు. వాక్యానుసారమైన జవాబు చెప్పానన్న తృప్తితో నేను భోజనానికి కూర్చున్నాను.

రెండు నెలల తరువాత ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. "ఏం చెప్పిన్రు అయ్యగారూ ఆయనకు? ఆ డబ్బా తీసి అటక మీద పెట్టిండు. రాత్రంత డ్యూటీ, పగలంత నిద్ర. తండ్రీకొడుకులు ఒక్క చాప మీద కూసునేది ఆ సాయంత్రం గంటనే. ఇప్పుడు ఈయన ఫోను పట్టుకొని ఒక మూలకుంటడు, పోరడు రోడ్డు మీదుంటడు" అంది. నన్ను నిందించడానికి రాలేదు ఆమె. ఏం చేయాలో అడగడానికి వచ్చింది. అది ఇంకా బరువుగా తోచింది.

ఆ రాత్రి బైబిలు మళ్లీ తెరిచాను. ఆ ఒక్క వచనంలో పౌలు పసివాడు అనే అర్థమిచ్చే "నేపియోస్" అన్న గ్రీకు మాటను ఐదుసార్లు వాడాడు. సెమినరీలో చదువుకున్నదే, మరచిపోయాను. పసితనపు మాట, పసితనపు తలంపు, పసితనపు యోచన, ఈ మూడే అక్కడున్నాయి. ఆట లేదు! పైగా అది ప్రేమను గూర్చిన అధ్యాయం. నా వరం గొప్పదా, నీ వరం గొప్పదా అని పోట్లాడుకుంటున్న సంఘానికి వ్రాసినది. తన సంగతి తప్ప ఎదుటివాని సంగతి పట్టని పసితనాన్ని విడువమంటున్నాడు. నేనేమో ఆ వచనంతో ఒక తండ్రిని కొడుకు పక్కనుండి లేపాను. జెకర్యా 8వ అధ్యాయంలో దేవుడు బాగుచేసిన యెరూషలేము చూడండి. ముసలివాళ్లు చేతికర్రలతో వీధుల్లో కూర్చుంటారు, అవే వీధుల్లో పిల్లలు ఆడుకుంటారు. ఇద్దరూ ఒక్కచోటే ఉన్నారు.

ఇంకొకటి ఒప్పుకోవాలి. ఆ సోదరునికి బోధించిన రోజుల్లో నా ఫోనులోనే రంగురంగుల మిఠాయిల ఆట ఉంది, క్యాండీ క్రష్, 2012లో వచ్చినది. ప్రసంగం సిద్ధపడాల్సిన శనివారం రాత్రుల్లో నేను ఆడేవాణ్ణి. మా ఆవిడ లోపలికి వస్తే ఫోను బోర్లించేవాణ్ణి.

మారియో 1985లో జపానులో నింటెండో కంపెనీ చేసిన ఆట. ఎనిమిది లోకాలు, ఒక్కొక్కదానిలో నాలుగు దశలు, మొత్తం 32. రాకుమారిని విడిపిస్తే కథ అయిపోతుంది. నేను ఆడిన మిఠాయిల ఆటకు చివర లేదు, కొత్త దశలు చేరుతూనే ఉంటాయి. ఐదు ప్రాణాలు ఇస్తుంది. ఓడితే ఒకటి పోతుంది, అది తిరిగి రావడానికి అరగంట. ఆగలేనివాడు డబ్బు కట్టవచ్చు. నేను కట్టలేదు గాని, అరగంట ఎప్పుడవుతుందా అని గడియారం చూశాను. ప్రార్థన మధ్యలో చూశాను, ప్రియులారా. రెండూ పిల్లల ఆటలే అని ఒకే గాట కట్టకూడదు. (డబ్బు పెట్టి ఆడే రమ్మీ సంగతి వేరు. తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో పార్లమెంటు కూడా అటువంటి ఆన్‌లైన్ ఆటలపై చట్టం చేసింది. అది ఇంకొక పూట మాట్లాడుకుందాం.)

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలైన తన రోగాల పట్టికలో ఆటల వ్యసనాన్ని కూడా చేర్చింది. అక్కడ వయసు అడగలేదు, ఏ ఆట అనీ అడగలేదు. ఆపుకోగలుగుతున్నావా, మిగతా పనులన్నీ దాని వెనకబడ్డాయా, నష్టం కనబడుతున్నా మానలేకపోతున్నావా, ఇవి చూడమంది. ఆ మూడు ప్రశ్నలకు ఆ డ్రైవరు సోదరుడు నాకంటే ధైర్యంగా జవాబు చెప్పగలడు.

మరుసటి వారం వాళ్లింటికి వెళ్లాను. "తమ్ముడూ, నేను తొందరపడ్డాను, నన్ను క్షమించు" అన్నాను. కొడుకు ముందే అన్నాను. ఆయన అటక మీది డబ్బా దించి, దుమ్ము తుడిచాడు. పిల్లవాడు రిమోటు నా చేతికిచ్చాడు. మొదటి దశలో మొట్టమొదట ఎదురొచ్చే పురుగు లాంటిదాని మీదికే నడిచి చచ్చిపోయాను. "గెంతాలె అయ్యగారూ, గెంతాలె!" అని వాడు కిందపడి నవ్వాడు. తరువాత వాళ్ల నాన్న ఆడాడు, మూడో దశ దాకా వెళ్లాడు. ఏడున్నరకు ఆయన ఫోను మోగింది. ఆట మధ్యలోనే రిమోటు కొడుకు చేతిలో పెట్టి, "నువ్వు చూస్కో బిడ్డా" అని బండి తాళాలు తీసుకొని ఎయిర్‌పోర్టుకు బయలుదేరాడు.